లైవ్‌లో ఉండగా అమ్మ ఫోన్

టీవీలో పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. కానీ ఒక వానాకాలం సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కాలనీలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తన పరువుతో పాటు యాంకర్ పరువు, ఛానల్ పరువు కూడా ఒకే మైకులోంచి పోగొట్టిన మనిషిని చూశారా? ఆ మనిషిని నేనే. సిగ్గుతో తల వంచుకుని చెబుతున్నానని అనుకోకండి. కాలర్ ఎగరేసి చెబుతున్నాను. చున్నీకి కాలర్ ఉండదు కాబట్టి చున్నీయే ఎగరేశాననుకోండి.

మాది చిన్న ఛానల్. ఎంత చిన్నదంటే, ఆఫీసులో ఉన్న ఒక్క ఏసీ మిషన్లకే సరిపోయేది, మనుషులం విసనకర్రలతో వార్తలు రాసేవాళ్లం. నేను డెస్కులో కూర్చుని తెర కింద పరుగెత్తే స్క్రోలింగులు రాసేదాన్ని. ఆ రోజు రిపోర్టర్లందరూ తలా ఒక మునిగిన చోటికి వెళ్లిపోయారు. ప్రొడ్యూసర్ మూర్తిగారు గది చుట్టూ చూశారు. కుర్చీలూ, నేనూ మిగిలి ఉన్నాం.

"సునీతా, లైవ్ ఇవ్వగలవా?"

"ఇస్తా సార్" అన్నాను, పుట్టినప్పటి నుంచీ అదే పని చేస్తున్నట్టు.

బయల్దేరే ముందు చంపాపేటలో ఉన్న అమ్మకు ఒక్క ముక్క చెప్పాను. నేను బండి ఎక్కేలోపు మా గల్లీ మొత్తం టీవీలు పెట్టుకుని కూర్చుంది.

లైవ్ సంగతి మీకు కాస్త చెప్పాలి. మన బొమ్మా, మన మాటా కెమెరామన్ వీపుకున్న సంచీలోంచి స్టూడియోకు వెళ్తాయి, అక్కడి నుంచి ఇళ్లలోని టీవీలకు కొన్ని క్షణాలు ఆలస్యంగా చేరతాయి. స్టూడియోలో యాంకర్ అడిగే ప్రశ్న మాత్రం మామూలు ఫోన్ కాల్‌లో మన చెవిలోకి వస్తుంది. వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. మన చెవికి ఏమీ వినిపించకపోయినా లోకానికి మనం వినిపిస్తూనే ఉంటాం. ఇదంతా నాకు ముందే చెప్పారు. నేను తల ఊపాను. తల ఊపడానికీ, అర్థం కావడానికీ మధ్య, ఆఫీసులు వదిలే వేళ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లినంత దూరం ఉంటుందని అప్పటికి తెలియదు.

మా కెమెరామన్ యాదగిరి నల్గొండ మనిషి, నేను యాదన్న అంటాను. ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో దాని మీద ప్లాస్టిక్ కవరు పట్టుకుని నీళ్లలో దిగాడు. కాలనీ రోడ్డు మధ్యలో, నీళ్లు పోవడానికని ఎవరో మ్యాన్‌హోల్ మూత తీసి, గుర్తుగా ఒక కర్ర పాతి దానికి ఎర్ర గుడ్డ కట్టారు. నేను ఆ కర్రను వెనక పెట్టుకుని నిలబడ్డాను.

స్టూడియోలో యాంకర్ వామనరావుగారు. కోస్తా మనిషి, గొంతు గుడి గంట.

"సునీతా, అక్కడ పరిస్థితి ఎలా ఉంది?"

దంచేశాను. నీళ్లు చూపించాను, కర్ర చూపించాను, "ఇక్కడ మూత తీసి ఉంది, జాగ్రత్త" అని చెప్పాను. వామనరావుగారు రెండో ప్రశ్న మొదలుపెట్టారు. ఆయన ప్రశ్న అంటే అందులో ఉపోద్ఘాతం, చరిత్ర, కవిత్వం అన్నీ ఉంటాయి. మధ్యలో నా చెవిలో బీప్ బీప్‌మని చప్పుడు. లైన్ తెగిపోతోందేమో, కలుపుదామని ఇయర్‌ఫోన్ తీగకున్న బటన్ నొక్కాను.

వామనరావుగారు మాయమయ్యారు. అమ్మ ప్రత్యక్షమైంది.

"ఏందే, గొడుగు లేదా నీకు? తల మొత్తం తడ్సింది!"

లైన్ పోయింది, అంటే లైవ్ అయిపోయింది అనుకున్నాను. భుజాలు వదులు చేసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"అమ్మా, ఎట్ల చేసిన? మంచిగ చేసిన్నా?"

"మంచిగ చేసినవ్ బిడ్డా. గా సార్ ఏమో అడుగుతుండె, నువ్వు జవాబే చెప్తలేవు."

"ఆయన ప్రశ్న అయిపోయేసరికి ఈ నీళ్లు ఎండిపోతయ్ అమ్మా."

ఎదురుగా యాదన్న కళ్లు పెద్దవి చేశాడు. చలికి అనుకున్నాను.

"గట్లనకే. పాపం, వరద గురించి చెప్తుంటే ఎంత బాధ పడ్తుండో."

"బాధా? మేకప్ రూమ్‌ల అద్దం ముంగట ప్రాక్టీస్ చేస్తడు. వరదకొక మొకం, బంగారం ధరకొక మొకం. నేనే చూసిన!"

"చెల్లె, మైకు... మైకు..." అన్నాడు యాదన్న పళ్ల మధ్య నుంచి.

మైకు నీళ్లలోకి జారిపోతోందేమో అనుకున్నాను. బాధ్యత గల దాన్ని కదా, ఎత్తి నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.

"రేపు లీవ్ వెట్టి ఇంట్లనే ఉండు, జరమొస్తది" అంది అమ్మ.

"మల్ల లీవా? పోయిన వారమే జరమని చెప్పి చిన్నమ్మ బిడ్డ పెండ్లికి పోయిన. మూర్తి సార్ నమ్ముతడా?"

"ఏమోనే... టీవీల ఇంకా నువ్వే కనవడ్తున్నవ్."

"అది పాతదే అమ్మా, తిప్పి తిప్పి ఏస్తరు."

"మాట గూడ ఇనొస్తుంది." అంతలోనే అమ్మ గొంతు మారిపోయింది. "సునీ, నీ ఎన్క గా కర్ర ఏదే? ఎర్ర గుడ్డ కర్ర. కనవడ్తలేదు!"

వెనక్కి తిరిగాను. కర్ర లేదు. నీళ్లు కొట్టుకుపోయినట్టున్నాయి. రోడ్డంతా ఒకే మట్టిరంగు నీళ్లు, ఎక్కడ గొయ్యి ఉందో చెప్పే గుర్తు ఏదీ లేదు. ఒక పెద్దమనిషి ఆగిపోయిన స్కూటర్‌ను తోసుకుంటూ సరిగ్గా అటే వస్తున్నాడు. సీటు మీద స్కూల్ బ్యాగుతో ఒక పాప కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

నా కాళ్లకు అంత వేగం ఉందని నాకే తెలియదు. నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తాను.

"అంకుల్! ఆగుండ్రి! అక్కడనే ఆగుండ్రి!"

ఆయన నా చేతిలో మైకు చూశాడు. "టీవీల మాట్లాడనీకి టైము లేదమ్మా, పరేషాన్ చెయ్యకు" అని ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"మాట్లాడకుండ్రి! ఆగుండ్రి!"

ముందు చక్రం దబ్బున లోపలికి దిగిపోయింది. స్కూటర్ ముక్కు నీళ్లలోకి వంగింది. పాప జారింది. నేను మైకున్న చేత్తోనే పాప నడుము చుట్టూ పట్టుకుని నా మీదికి లాక్కున్నాను. ఆయన హ్యాండిల్ వదిలి వెనక్కి పడ్డాడు. పాప నా మెడ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నా గుండె చప్పుడు మైకులో కూడా వినిపించి ఉంటుంది.

సరిగ్గా అప్పుడు, అంతా అయిపోయాక, చెవిలో అమ్మ అరిచింది. "పోరిని దించు! పోరిని దించు ముందుగాల!"

"దించిన అమ్మా!"

"ఆ... ఇగో, ఇప్పుడు దించినవ్. ఎత్తుకున్నవ్. గట్టిగ వట్టుకో."

నేను చేసిన పని నేను చేసిన కాసేపటికి అమ్మ ఎలా చూస్తోంది? కాళ్ల కింద నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి.

"అమ్మా, నీకెట్ల తెలుస్తుంది ఇదంత?"

"టీవీల జూస్తున్న గదనే!"

యాదన్న వైపు చూశాను. ఆయన కెమెరా దించకుండానే మెల్లగా తల ఊపాడు. అద్దం, రెండు మొకాలు, జరం, చిన్నమ్మ బిడ్డ పెండ్లి అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. ఆ గోతిలో నేనే దూకేస్తే బావుండుననిపించింది. కానీ అవతలి నుంచి ఇంకో రెండు బండ్లు వస్తున్నాయి. కర్ర లేదు. సిగ్గుపడే తీరిక కూడా లేదు.

పాపను లేచొచ్చిన స్కూటర్ అంకుల్‌కు అందించి, గొయ్యి పక్కన నేనే నిలబడ్డాను. ఛానల్ మైకు పైకెత్తి ఊపుతూ, "ఇటు రాకుండ్రి! ఎడమకు పోండ్రి!" అని గొంతు చించుకున్నాను. కాసేపటికి ఎదురింటి ఆమె పెద్ద నీళ్ల డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చింది. నలుగురు చేరి స్కూటర్‌ను లాగి, డ్రమ్ములో రాళ్లు వేసి ఆ గొయ్యి మీద నిలబెట్టారు. అదంతా యాదన్న ఒక్క క్షణం కూడా వదలకుండా చూపించాడు.

ఇంతకీ స్టూడియోవాళ్లు నన్ను తెర మీంచి ఎందుకు తీసెయ్యలేదంటారా? తీసెయ్యబోయారు. సరిగ్గా అప్పుడే బొమ్మలు మార్చే మిషన్ మొరాయించింది. ప్రకటనల బటన్ నొక్కినా నేనే, వామనరావుగారి బటన్ నొక్కినా నేనే. మిషన్‌ను ఆపి మళ్లీ లేపేదాకా మా ఛానల్‌కు ఉన్న సరుకంతా నేనూ, మా అమ్మ ఫోనూ.

ఆఫీసుకు వెళ్లాను, కొలిమిలోకి వెళ్తున్నట్టు. మూర్తిగారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"జ్వరం తగ్గిందా అమ్మా?"

"తగ్గింది సార్."

"పెళ్లి భోజనం బావుందా?"

ఆయన నవ్వాపుకోలేక పక్కకు తప్పుకున్నారు. వెనకే వామనరావుగారు. లేచి నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేదు.

"సార్, అద్దం గురించి నేను..."

"అది నిజమేనమ్మా, ఏం చేస్తాం" అన్నారు. "ఇవాళ మాత్రం ఆ పాప జారినప్పుడు ఏ ముఖం పెట్టానో నాకే తెలీదు. ఆ చక్రం దిగబడగానే కుర్చీలోంచి లేచిపోయాను. అంతకుముందు ఎప్పుడూ బులెటిన్ మధ్యలో లేవలేదు." ఆయన చెయ్యి చాచారు. "బాగా చేశారు."

నేను ఏడ్చేశాను. ఇప్పటిదాకా వచ్చిన జీతాలన్నీ ఒకవైపు, ఆ మాట ఒకవైపు.

మర్నాడు ఆ స్కూటర్ అంకుల్ పాపతో సహా ఆఫీసు గేటు దగ్గరకొచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. "నిన్న నన్ను మాట్లాడనియ్యలే గద" అన్నాడు. "ఇప్పుడు మాట్లాడ్త. కెమెరా యాడుంది?"

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. మా గల్లీలో శాలువా కప్పించుకున్నది నేను కాదు, అమ్మ. "కర్ర కొట్టుకపోయింది జూసిందెవరు? నేను! గిది ఉట్టిగ నిలవడ్డది" అని చంపాపేట కూరగాయల బండ్లన్నిటి దగ్గరా చెప్పుకుంది. అది అబద్ధం కూడా కాదు, అదే నా బాధ.

కాబట్టి పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట లైవ్‌లో నిలబడ్డాక, ఆకాశం విరిగి మీద పడ్డా సరే, చెవి దగ్గరి బటన్ నొక్కను, అమ్మ ఫోన్ ఎత్తను. ఈ ప్రమాణం అమ్మకు కూడా వినిపించాను. చాలా బుద్ధిగా ఒప్పుకుంది.

"సరే బిడ్డా, ఎత్తకు. గా వామనరావు సార్ నంబర్ ఇయ్యి. నీకు చెప్పేదేదో సార్‌కే చెప్త."