నర్సింహన్న మెయిల్ సర్వర్‌ను నేను ఉద్ధరించిన వైనం

నేను చేసిన వెధవ పనుల్లో నేనూ నవ్వుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. ఇది మాత్రం మీరు నవ్వడానికే. నాకు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. శంషాబాద్‌లో ఒక మంచి మనిషి వ్యాపారాన్ని నేను కంప్యూటర్లో రాసిన ఒక్క లైనుతో ముంచాను.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులు. నర్సింహన్న పొలం అందులో పోతే, వచ్చిన డబ్బుకు తోడు ఫైనాన్స్ తీసుకుని క్యాబులు కొని ట్రావెల్స్ ఆఫీసు పెట్టాడు. శంషాబాద్ పక్కన మా ఊరు తొండుపల్లి మొత్తానికి కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని నా నమ్మకం. దురదృష్టం, ఆయనా నమ్మాడు. మెయిల్ సర్వర్ పెట్టే పని నాకిచ్చాడు.

ఆయనకొక అలవాటుండేది. అప్పటిదాకా వాడిన పాత ఐడీ నుంచి మెయిల్ పంపగానే ఫోనందుకునేవాడు. "సార్, మెయిల్ కొట్టిన. వచ్చిందా? జర తెరిచి చూడుండ్రి." అవతలివాడు తెరిచి, వచ్చిందనేదాకా ఫోను పెట్టేవాడు కాదు. పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టుండేది. సర్వర్ పెట్టిన రోజే చెప్పేశాను.

"అన్నా, గిట్ల ఫోన్లు చేస్తే మన ఇజ్జత్ పోతది. ఇగ మనకు సొంత సర్వరుంది. పోయిందంటే పోయినట్టే."

"అడిగితే ఏం పోతది తమ్మీ?"

"పెద్ద కంపెనీలోళ్లు గట్ల అడగరన్నా."

చదువుకున్నవాడి మాట కదా అని ఆయన ఫోను చేయడం మానేశాడు. ఆయన ఖర్మ.

ఆ వారమే ఒక పెద్ద హోటల్ విమాన సిబ్బందిని తీసుకొచ్చి దింపే పనికి కొటేషన్లు అడిగింది. ఆ పని వస్తే క్యాబులు నిలుస్తాయి, లేకపోతే ఫైనాన్స్‌వాళ్లు పట్టుకుపోతారు. నర్సింహన్న కొటేషన్ పంపాడు. వెళ్లిపోయిందని తెర మీద వచ్చింది. ఆయన చెయ్యి ఫోను వైపు సాగింది, నేను చూసిన చూపుకు వెనక్కి వచ్చింది.

పని వేరేవాళ్లకు పోయింది. హోటల్‌కు వెళ్లి కనుక్కొని వచ్చి, నర్సింహన్న నా పక్కన నిలబడ్డాడు.

"మన కొటేషనే రాలేదంటున్నరు. ఏందిది?"

"వాళ్ల దగ్గర్నే ఏదో తప్పున్నదన్నా."

"జర నీ దాంట్ల చూడు."

చూశాను. సర్వర్ పెట్టిన రోజు పరీక్ష కోసమని, ఎవరికి పంపిన మెయిలైనా వాళ్లకు పోకుండా నా మెయిల్ పెట్టెలోకే వచ్చి పడేట్టు ఒక లైను రాసుకున్నాను. పరీక్ష అయ్యాక దాన్ని తీసేయాలి. తీయలేదు. ఆ పెట్టెను మళ్లీ తెరవనూ లేదు. కొటేషన్ అందులో, దిగాల్సిన స్టాపు దాటిపోయిన ముసలమ్మలా బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది.

నర్సింహన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రెండు బండ్లు పోతయ్ తమ్మీ" అని మాత్రం అన్నాడు. తర్వాత తన కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొట్టాడు. ముఖం మీద కఠినంగా చెప్పడం చేతకాని మనిషి.

మరుక్షణం నా కళ్ల ముందున్న పెట్టెలో కొత్త మెయిల్ పడింది. 'తమ్మీ, రేపటి నుంచి రాకు.'

నేను పెట్టిన ఆ సర్వర్ నుంచి, చేరవలసిన మనిషికి చేరిన మెయిల్ అదొక్కటే.

అక్కడికక్కడే, లేచి నిలబడి, మనసులో ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక ఏ మంచివాడి సర్వర్‌నూ ముట్టను. ఇప్పటివరకూ ఆ ప్రతిజ్ఞ తప్పలేదు. శంషాబాద్‌లో సర్వర్ ముట్టుకోమని నన్నడిగినవాడూ లేడు.