రెండు ఇటుకల ఎత్తు

ఫోనులో ఎవరిదో మట్టి వంటిల్లు చూసి మా ఆయన ముచ్చటపడ్డాడు. అంతే, మా వంటింట్లో టైల్సు పీకించేశాడు. వినగడప నుంచి ఎర్రమట్టి, రెడ్డిగూడెం తోటలో కొట్టేసిన మామిడిచెట్టు చెక్కలు, గానుగ సున్నం, కడప బండ, అన్నీ తిరువూరులో మా ఇంటి ముందు దిగాయి. నేను పుట్టింట్లో మట్టి గోడలు అలికి అలికి పెరిగినదాన్ని. నాకు వాటి మీద మోజేం లేదు. మూడు వారాలు వరండాలో ఒంటి పొయ్యి మీద వండుతూ, గిన్నెల మీద దుమ్ము దులుపుతూ, ఈ పని ఎప్పుడైపోతుందా అని చూశాను.

నాకు కావలసింది ఒక్కటే. పొయ్యి పెట్టే గట్టు రెండు ఇటుకల ఎత్తు పెరగాలి. పాత గట్టు మా అత్తగారి కొలతకు కట్టింది. ఆవిడ పొట్టి, నేను పొడుగు. ముప్పై ఏళ్లు వంగే వండాను. ఆవిడ పోయాక కూడా వంగడం తప్పలేదు. సాయంత్రానికి నడుము పట్టేసేది. ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన "చూద్దాంలే" అనేవాడు.

గట్టు కట్టే రోజు మేస్త్రి టేపు పట్టుకుని, "ఎత్తెంత పెట్టమంటారండీ?" అని ఆయన్నే అడిగాడు. వండేదాన్ని, గుమ్మం పక్కనే కత్తిపీట ముందు కూర్చున్నాను. నన్నడగాలని ఇద్దరికీ తోచలేదు.

"పాతదే పెట్టెయ్. అమ్మ పెట్టించిన కొలత, మాకు కలిసొచ్చింది," అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. పోట్లాడే ఓపిక మాత్రం లేదు. లేచి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడి మోచెయ్యి మడిచాను.

"దీనికి నాలుగు వేళ్లు కిందగా గీత పెట్టు మేస్త్రీ."

మేస్త్రి ఆయన వంక చూశాడు.

"అటు చూస్తావేంటయ్యా? వండేది నేనైతే!"

బొగ్గుముక్కతో గీత గీశాడు.

పాలు పొంగించిన రోజు వంటిల్లు నిజంగానే చల్లగా ఉంది, ఒప్పుకోవాలి. చుట్టాలు ఫోటోలు తీసుకుని వెళ్లారు. నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"గట్టు పెంచాం కదా, ఇంకా ఎందుకలా వంగుతున్నావ్?"

వంగుతున్నానని నాకే తెలియదు. నిటారుగా నిలబడబోయాను. నడుము సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. తాలింపు ఘాటనుకున్నాడేమో, ఆయన వెళ్లి కిటికీ తెరిచాడు.