వరస ఇళ్లు తిరిగిన దురద మందు

కడుపుతో ఉన్న ఆడదానికి కాళ్లు వాస్తే లోకమంతా జాలిపడుతుంది. వేవిళ్లంటే ఎవరో ఒకరు పుల్ల మామిడికాయ తెచ్చిపెడతారు. అక్కడ దురదంటే మాత్రం ఎవరికీ చెవులుండవు. చెప్పడానికి నాకూ నోరు రాలేదు లెండి.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన వరస ఇళ్లు మావి. ఒకింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. అప్పుడు నాకు ఆరో నెల. బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. ఉక్కకు లోపలి బట్టలు ఒంటికి అతుక్కుపోయేవి. అప్పుడు మొదలైంది తెల్లబట్ట, విరిగిన పాలలా. దాంతోపాటే మంట, దురద.

"ఒంటికి ఏడి సేసిందే అమ్మా. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు," అంది అత్త. తాగాను. కడుపు చల్లబడింది గానీ దురద తగ్గలేదు.

ఇక మిగిలింది ట్యూబు. మా ఆయనది స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర కాంట్రాక్టు పని. ఆ చెమటకి గజ్జల్లో తామర రావడం, మెడికల్ షాపులో "దురద మందు" అనడిగి ట్యూబు తెచ్చుకోవడం అక్కడ పనిచేసేవాళ్లకు మామూలే. ఆ ట్యూబు ఒక్క ఇంటిది కాదు, వరసంతటిదీ. కరివేపాకు రెబ్బ అడిగినంత తేలిగ్గా అడిగి పట్టుకెళ్తారు. ఎక్కడ దురదని ఎవరూ అడగరు. అదే మా మర్యాద.

నేనూ రాసుకున్నాను. ఆ పూటకి ప్రాణం లేచొచ్చింది. తగ్గిందని మానేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాను. వచ్చిన ప్రతిసారీ ముందటికంటే ఎక్కువగా వచ్చింది.

సీమంతం నాడు పట్టుచీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. గాజులు తొడుగుతున్నారు, గంధం రాస్తున్నారు. నేను కుదురుగా ఉండలేక అటూ ఇటూ జరుగుతున్నాను. "బిడ్డ హుషారు సూడండర్రా, తల్లిని కూకోనివ్వట్లేదు," అని ఓ ముసలమ్మ మురిసిపోయింది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చి తల దించుకుంటే సిగ్గనుకున్నారు.

మర్నాడే సీతమ్మధారలో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. లోపల పెట్టుకునే బిళ్లలు రాసిచ్చింది. ఒక్కటీ మానకుండా వాడినా తగ్గలేదు. మళ్లీ వెళ్తే దూదిపుల్లతో నమూనా తీసి ల్యాబుకు పంపింది. రిపోర్టు వచ్చాక, "ఇన్నాళ్లూ ఏం రాశావమ్మా?" అనడిగింది. ట్యూబు సంగతి చెప్పాను. తల పట్టుకుంది.

"అందులో కాస్త ఫంగస్ మందు, స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ దురదను నొక్కిపెడుతుందంతే. అరకొరగా వాడేసరికి చావని ఫంగస్ మందుకు అలవాటుపడి మొండికేస్తుంది. నీది మామూలు మందుకు లొంగట్లేదు. కడుపుతో ఉన్నావు, మింగే మాత్రలు ఇవ్వలేను."

"మరి బిడ్డకో?" అన్నాను.

"లోపలున్న బిడ్డకు మామూలుగా ఏం కాదు. కాన్పులో నోటికి అంటుకోవచ్చు. అప్పటికి తగ్గించుకుందాం."

మెత్తగానే చెప్పింది. నాకు మాత్రం నోరన్న మాటొక్కటే వినబడింది. పాలు తాగాల్సిన నోరు అది.

ఆవిడ రాసిన వేరే మందు కోసం మా ఆయన ఊరంతా తిరిగారు. వాడగా వాడగా, నెలలు నిండే వేళకి తగ్గింది. ఆడపిల్ల. నోరు శుభ్రంగానే ఉంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పాలిచ్చే ముందు ప్రతిసారీ కిటికీ వెలుగుకి తిప్పి నాలుక చూసేదాన్ని. నిద్ర లేదు, నడుం వాల్చింది లేదు, ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు.

అలా ఉండగా ఓ మధ్యాహ్నం పక్కింటి కొత్త కోడలు గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లకి మూడో నెల.

"అక్కా, ఆ దురద ట్యూబు ఉందేటి?"

"ఎక్కడే దురద?" అన్నాను. మా వరసలో ఎవరూ అడగని మాట.

"ఒంటి మీదే," అంది నేలచూపులు చూస్తూ.

బాలింత గడప దాటకూడదని అత్త గొణిగింది. బిడ్డను ఆవిడ ఒళ్లో పెట్టి, చెప్పులేసుకుని ఆ పిల్లను వెంటబెట్టుకెళ్లాను.

డాక్టరు దగ్గర కూడా ఆ పిల్ల "ఒంటి మీద" అనే అంది. "కాదండీ, కింద. నాకొచ్చిన జబ్బే," అన్నాను.

"ఏమన్నా రాసుకున్నావా?" అంది డాక్టరు.

"నేదండి. అక్క ఇవ్వనేదు," అంది ఆ పిల్ల, ఇంకా నా మీద కోపంగానే.