మడిచి చుట్టిన రాగితీగ

తీగచుట్టలో అయస్కాంతాన్ని ఆడిస్తే కరెంటు పుడుతుందన్న వార్త మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చెల్లె. అప్పటికి పందొమ్మిది వందల ఎనభైల్లో పడ్డాం. కొత్తవాడలో నాన్న జంపఖానాలు నేసేవాడు, నేను ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. చెల్లె బడికి పోయేది. నాకు అమ్మే బడి. బైబిలు ముందేసుకుని అక్షరాలు దిద్దించింది. అందుకు దేవునికి స్తోత్రం. అయినా చెల్లె నోట కొత్త మాట విన్నప్పుడల్లా నా కడుపు మండేది.

"అక్కా, రేపు బడిల ఎగ్జిబిషనున్నది. ఈ రాగితీగ జర చుట్టియ్యవా? నేను చుడితే వదులైతాంది."

"సదువు నీకు, చుట్టుడు నాకా?"

"నీ చెయ్యి నాకెక్కడిదే!"

ఆ పొగడ్తకు లొంగిపోయాను. అట్టగొట్టం మీద వరుస తప్పకుండా బిగించి చుట్టాను. సారును బతిమాలి తెచ్చిన మీటరుకు రెండు కొసలూ కలిపి, చెల్లె అయస్కాంతాన్ని గొట్టంలోకి తోసింది, లాగింది. సూది కదల్లేదు. మళ్లీ తోసింది. ఊహూఁ. దాని కళ్లలో నీళ్లు. నాలో, దేవుడు క్షమించుగాక, పండగ.

"మీ సారే అబద్ధం చెప్పిండేమో," అన్నాను.

అది చుట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. గొట్టం అంచున తీగ మడత కనబడింది.

"తీగను మడిచి చుట్టినవా అక్కా?"

మడిచాను మరి. జంపఖానాలో అడ్డంగా నేసే పేకకు ఒంటిపోగు ఎక్కడ చాలుతుంది? జంటపోగు చేసి చుట్టడమే నా చేతికి తెలుసు.

"ఒక పోగుల పుట్టిన కరెంటు ఇటు నూకితే, రెండో పోగులది అటు నూకుతాంది. కొట్లాడి రెండూ సచ్చినయి," అని ఫక్కున నవ్వింది. "నీ తప్పు గాదు. నేనే జెప్పలే."

తిట్టినా బాగుండేది. తప్పు కూడా తనే తీసుకుంటే నాకు మిగిలేదేమిటి? "నాకు కండెలున్నయి, నువ్వే చుట్టుకో" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగి, తీగ విప్పి, ఒంటిపోగుగా మళ్లీ చుట్టాను.

"మొదలు నువ్వే ఆడియ్యి," అని చెల్లె అయస్కాంతం నా చేతిలో పెట్టింది. తోశాను. సూది ఎగిరింది. చెయ్యి ఆపితే సున్నా దగ్గరికి పోయి ఊరుకుంది. లాగితే రెండోవైపు ఎగిరింది. ఇలాంటివి రోజూ చూసే భాగ్యం దానికుందే అని, ఆ సంతోషంలోనూ కుళ్లుకున్నాను.

మర్నాడు బడిలో అడిగినవాళ్లందరికీ "చుట్టింది మా అక్క" అని చెప్పిందట. నేను మాత్రం చూడబోలేదు. చుట్టాల్సిన కండెలున్నాయన్నాను. బుట్ట నిండా చుట్టినవే ఉన్నాయి.

మీరు ప్రార్థనకు మోకరించినప్పుడు మా చెల్లెను ఒక్కసారి తలచుకోండి. నన్ను తలచుకోనక్కర లేదు, ఆ పని అది ఇప్పటికీ చేస్తూనే ఉంది.