ఆరని రంగు మీద బొట్టు

చిన్నపోలయ్య పోయిన మూడు నెలలకు అతని పడవను ఒడ్డుకు లాగి బోర్లించారు. కృష్ణపట్నం దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట, ఏడాదికోసారి ఏ పడవకైనా ఈ సేవ తప్పదు. పాత రంగు గీకాలి. పలకల సందుల్లో దూది దిగ్గొట్టాలి. గుగ్గిలం నూనెలో కాచి పూయాలి. అడుగుకు తారు, పైకి రంగు. ఊళ్ళో అందరిళ్ళల్లో ఇది మగవాళ్ళ పని. ఈ పడవకు మాత్రం ఇరవై ఏళ్ళుగా చిన్నపోలయ్య భార్య కామమ్మే చేస్తోంది.

ఆమె తండ్రి పులికాట్ సరస్సు గట్టున పడవలు బాగుచేసేవాడు. ఆ ఇంట్లో ఆడపిల్ల ఆటవస్తువు కూడా సుత్తే. కాపురానికి వచ్చిన ఏడాదే, మొగుడు దూది కొడుతున్న తీరు చూసి "ఇది పడవా, జల్లెడా?" అని సుత్తి లాక్కుంది. చిన్నపోలయ్యకు రోషం రావాల్సింది, రాలేదు. నా పెళ్ళాం పూడ్చిన సందులో చీమ కూడా దూరదని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. పని తప్పిన సంబరం అలాంటిది మరి.

ముప్పై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడిని సముద్రం ఏమీ చెయ్యలేదు. నలభై ఎనిమిదో ఏట, ఆషాఢంలో, ఇంట్లో అన్నం తింటూ గోడకు చేరగిలబడి, అలాగే ప్రాణం వదిలాడు. కామమ్మ ఏడవలేదు. గుండె కాదు, బండ అని చుట్టుపక్కల ఆడవాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళకేం తెలుసు? ఏడుపే కాదు, ఆమెకు ఆకలీ రాలేదు, నిద్రా రాలేదు, కోపమూ రాలేదు. ఒంట్లో ఎవరూ లేనట్టుగా ఉండేది.

పడవ బోర్లించిన రోజు మరిది మాల్యాద్రి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"వదినా, ఇంక పడవ నేను నడపతా. పని ఎప్పట్లాగే నువ్వు చెయ్యి, అన్న వాటా చేపలు నీకే వస్తాయి. కాకపోతే మనోళ్ళు జంకతా ఉండారు. యజమాని పోయిన పడవ గదా. నీళ్ళల్లో దిగేనాడు ఏ అపశకునమూ జరగకూడదు. జరిగిందా, ఒక్కడూ ఎక్కడు."

ఎక్కకపోతే పడవ పొయ్యిలోకి, కామమ్మ ఎవరి పొలంలోకో కూలికి. ఆ సంగతి ఆమెకు తెలుసు. భయపడాలని కూడా తెలుసు. భయం మాత్రం రాలేదు. "సరే" అని ఉలి తీసుకుంది.

తొమ్మిది రోజులు పనిచేసింది. గీకుతుంటే పచ్చరంగు కింద నీలం, నీలం కింద మళ్ళీ పచ్చ వచ్చాయి. ఏ రంగు ఏ ఏడు వేసిందో ఆమెకు గుర్తే. గుర్తుకొచ్చినా ఏమీ అనిపించలేదు. కాగే గుగ్గిలం చింది మణికట్టు మీద పడితే, బొబ్బ లేచాక గాని చూసుకోలేదు. రంగు రెండు పూతలు చాలు. పదో రోజు తెల్లవారగానే, పడవ దింపే రోజని తెలిసీ, పడవ ముక్కుకు మూడో పూత కూడా వేసేసింది. ఎందుకంటే ఏం చెప్తుంది? చేతులు ఆగలేదు, అంతే.

నీళ్ళలో దిగే ముందు పడవ ముక్కుకు యజమాని భార్య బొట్టు పెట్టాలి. అది పెట్టేదాకా ఎవరూ కాలు మోపరు. ఇన్నాళ్ళూ అది పెట్టింది కామమ్మే. బొటనవేలితో ఇంత బొట్టు పెట్టి, వేలికి మిగిలిన కుంకుమను తన నుదుటికి రాసుకునేది. "పడవకు పెట్టంగా మిగిలిందేనా నీకు?" అని చిన్నపోలయ్య ఏటా అదే మాట, ఏటా అదే నవ్వు. ఇప్పుడు ఆ వంతు మాల్యాద్రి భార్య పెంచలమ్మది. అది అందరికీ తెలుసు. కామమ్మకూ తెలుసు.

పెంచలమ్మ కుంకుమ పళ్ళెం పడవ ముక్కు దగ్గర ఇసుకలో పెట్టి, కొంగు నడుముకు దోపుకుంటోంది. కామమ్మ ఆ పక్కనే నిలబడి ఉంది. పడవవాళ్ళలో పెద్దవాడు రమణయ్య తెడ్డు భుజాన వేసుకుని, ఏటా కేకేసినట్టే కేకేశాడు.

"కానీమ్మా, బొట్టు పెట్టు!"

కామమ్మ వంగింది. వేలు కుంకుమలో ముంచింది. పడవ ముక్కున బొట్టు పెట్టింది.

"అయ్యో అక్కా!" అంటూ పెంచలమ్మ ముందుకు దూకి కొంగుతో తుడిచింది. ఆరని రంగు కదా, కుంకుమ దాంట్లోకి దిగిపోయింది. తుడిచినకొద్దీ చెయ్యంత ఎర్రమరక అయింది.

"గీకి మళ్ళీ రంగెయ్యాల" అన్నాడు మాల్యాద్రి. అతని మొహం పాలిపోయింది. పడవ పట్టుకున్న నలుగురూ చేతులు వదిలేసి వెనక్కి జరిగారు.

రమణయ్య ఆ మరక వైపు చూశాడు, కామమ్మ వైపు చూశాడు.

"పిలిచింది నేను. తప్పుంటే నాది. పోటు దిగిపోతా ఉంది, పదండ్రా" అని, అందరికన్నా ముందు తనే పడవలో కాలు పెట్టాడు. ముసలాడు ఎక్కాక కుర్రవాళ్ళకు మొహమాటం వచ్చింది. పెంచలమ్మ ఆ మరక మీదే మళ్ళీ బొట్టు పెట్టింది. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఆఖరున ఎక్కుతూ మాల్యాద్రి, వెనక్కి తిరగకుండానే, "వదినా, సాయంత్రం బుట్ట తీసుకుని రా" అన్నాడు.

పడవ వెళ్ళింది. చుక్క నీరు దూరలేదు. జనం ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కామమ్మ ఒక్కతే ఒడ్డున నిలబడి ఉంది. బొటనవేలికి ఇంకా కుంకుమ మిగిలి ఉంది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది, నుదుటి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఎప్పుడూ వినిపించే మాట కోసం ఆమె చెవి ఎదురుచూసింది.

ఆ మాట రాలేదు.

ఆమె ఇసుకలో కూలబడి, గుప్పిట మూసి, మూడు నెలల తర్వాత నోరు తెరిచి ఏడ్చింది.