యూసుఫ్ భాయ్ తొట్లె మీద నా దిష్టి

1975 ఎండాకాలం. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో నా వడ్రంగి దుకాణం ఉండేది. కిటికీ చట్రాలు, పీటలు, మంచాలు అన్నీ చేసేవాణ్ణి గాని, నాకు ఇష్టమైన పని పిల్లల తొట్లెలే. తొట్లె అంటే ఉయ్యాల. కొక్కేనికి వేలాడదీసేది ఒక రకం. నాలుగు కాళ్ళ మీద నిలబడి, మూడు వైపులా ఊచలుండి, నాలుగో వైపు తెరిచి తల్లి మంచానికి ఆనించుకునేది ఇంకో రకం. దీన్ని మేము పక్క తొట్లె అనేవాళ్ళం. రాత్రి బిడ్డ ఏడిస్తే తల్లి లేవకుండా చెయ్యి చాపి దగ్గరికి తీసుకోవచ్చు.

నా పని గురించి చెప్పాలంటే ముందు యూసుఫ్ గురించి చెప్పాలి. అది కూడా నాకు మంటే. ఫలక్‌నుమాలో అతనిది ఖరాదు దుకాణం. ఖరాదు అంటే లేత్ మెషిన్. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుతారు. యూసుఫ్ చెక్కిన ఊచ మెడ దగ్గర సన్నగా, పొట్ట దగ్గర లావుగా, నడుము దగ్గర మళ్ళీ సన్నగా ఉండేది. దానికి లక్క రంగు పట్టించి మెరిపించేవాడు. నేను చిత్రికతో చదును చేసిన నాలుగు పలకల ఊచ ఆ పక్కన పెడితే ఎవరి కంటికీ ఆనదు. మా సందులోని ఆడవాళ్ళు నా దుకాణం ముందు నుంచే నడిచి వెళ్ళి ఫలక్‌నుమాలో తొట్లెలు కొనుక్కొచ్చేవారు. వచ్చేటప్పుడు కూడా నా ముందు నుంచే.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరు అడిగినా అడగకపోయినా అతని తొట్లెల్లో తప్పులు చెప్పేవాణ్ణి. కర్ర ఆరలేదనేవాణ్ణి, రంగు వాసన పిల్లలకి పడదనేవాణ్ణి. అన్నీ నోటికొచ్చిన మాటలే. "ఆయన పేరు ఇంటే నీకు బువ్వ దిగది," అనేది నా భార్య లక్ష్మి. నిజంగానే దిగేది కాదు.

ఆ వేసవిలో రామ్మోహనరావు అని ఒకాయన వచ్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. మార్కెట్ దగ్గరే ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాడు. భార్యకి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నెలలు నిండకముందే పుట్టిన ఆడపిల్ల, చాలా చిన్నది.

"చారి గారూ, మా ఇంటాయన దూలానికి కొక్కెం కొట్టనివ్వనంటున్నాడు. మా ఆవిడ వంగలేదు, లేవలేదు. పిల్లని మంచం మీద పక్కలో వేసుకోవాలంటే నిద్రలో మీద పడతానేమోనని భయం. ఏం చేస్తే బాగుంటుందంటారు?"

"పక్క తొట్లె చేపిచ్చుకోండి సారు," అన్నాను. ఎత్తు మంచంతో సమానంగా ఉండాలని, మంచానికీ దానికీ మధ్య సందు ఉండకూడదని చెప్పాను. ఊచల మధ్య మామూలుగా నాలుగు వేళ్ళ సందు వదులుతాం. "మీ పాప చిన్నది. మూడు వేళ్ళకన్న ఎక్కువ ఒద్దు," అన్నాను. ఆయన శ్రద్ధగా విని, ఇంట్లో అడిగి చెప్తానని వెళ్ళాడు. బేరం కుదిరిందనే అనుకున్నాను. ఆ సాయంత్రమే మంచి టేకు తీసి ఊచలన్నీ చిత్రిక పట్టి, అంచులు నున్నగా రుద్ది పెట్టుకున్నాను.

ఆయన మళ్ళీ వచ్చినప్పుడు ముఖం చూస్తేనే తెలిసిపోయింది. "ఏమీ అనుకోకండి చారి గారూ. మా అత్తగారు ఫలక్‌నుమా నుంచి తెప్పించేశారు. కాకపోతే మా మంచం దానికన్నా బెత్తెడు కిందికుంది. మీరొచ్చి మంచం కోళ్ళ కింద దిమ్మలు పెట్టి లేపాలి."

"తొట్లె కాళ్ళే కోస్తె అయిపాయె గద సారు."

"ఆ నగిషీ కాళ్ళ మీద రంపం పెట్టనివ్వనంటున్నారండీ మా అత్తగారు."

యూసుఫ్ తొట్లె కోసం నేను మంచం లేపాలి. రానని చెప్పేవాణ్ణే. కాని ఆ తొట్లెను దగ్గరగా చూసి ఒక్క తప్పైనా పట్టాలని నా మనసు కొట్టుకుంది. దిమ్మలు సంచిలో వేసుకుని వెళ్ళాను.

గది సగం తొట్లెతోనే నిండిపోయినట్టుంది. ఎర్ర, ఆకుపచ్చ లక్క రంగు, ఊచలన్నీ ఒకే తీరు. ఖాళీ ఉయ్యాల ఇంట్లో ఉండకూడదని అత్తగారు సుభద్రమ్మ గారు అందులో సన్నికల్లు పొత్రం పెట్టి పసుపు రాశారు. వాళ్ళ బారసాలలో బిడ్డకన్నా ముందు పొత్రాన్నే ఉయ్యాలలో పడుకోబెడతారు. బారసాల మర్నాడే. నేను తొట్లెను కదిపి చూశాను, కిర్రుమనలేదు. అతుకులు గోటితో గీరి చూశాను, వెంట్రుకంత సందు లేదు. ఒక్క తప్పూ దొరక్క సంచిలోంచి దిమ్మలు తీశాను.

దిమ్మలు పెట్టడానికి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నా కళ్ళు తొట్లెలోని పరుపుకి సమానంగా వచ్చాయి. ఊచల నడుములు సరిగ్గా పరుపు పైనే ఉన్నాయి. పొట్టల మధ్య నా పిడికిలి పట్టలేదు. కింద నడుముల మధ్య పిడికిలి దూరి, మణికట్టు దాటి సులువుగా పోయింది. నన్ను ఇన్నేళ్ళు కాల్చుకు తిన్న ఆ సన్నని నడుముల దగ్గరే ఉంది తప్పు.

ముందు నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు. పదేళ్ళుగా వెతుకుతున్నది దొరికింది. అంతలో మంచం మీద పాప మూలిగింది. తల్లి పక్కన గుడ్డల్లో ఉన్న ఆ పిల్ల నడుము నా మణికట్టంత ఉంది. ఇంక ఆ సంతోషం నిలవలేదు.

"అమ్మా, కింద ఊచల నడిమిట్ల సందు ఎక్కువున్నది," అన్నాను. "పిల్ల కాళ్ళు తన్నుకుంట జారితె పెయ్యి, అంటె ఒళ్ళు, బయిటికొస్తది. తలకాయ లోపట్నే ఆగుతది. మెడ ఇరుకుతది."

సుభద్రమ్మ గారి ముఖం ఎర్రబడింది. "శుభమా అని బారసాల పెట్టుకుంటే అవేం మాటలయ్యా? మీ దగ్గర కొనలేదని మీకు కష్టంగా ఉంది, నాకు తెలుసు. అంత బరువు పొత్రం పెట్టాం, ఇసుమంత కదల్లేదు."

"పొత్రం జారదమ్మా. పిల్ల జారతది."

ఆవిడ ఇంక నా మాట వినలేదు. వంటింట్లోంచి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి తొట్లె చుట్టూ తిప్పారు. నేను గడప దాటేసరికి నిప్పుల మీద మిరపకాయల ఘాటు గుప్పుమంది. అది నా దిష్టికి. రామ్మోహనరావు వీధి దాకా వచ్చి మెల్లగా అన్నాడు. "పెద్దావిడ, ఏమీ అనుకోకండి. మీకూ ఆ యూసుఫ్‌కీ పడదని బజారంతా అంటారు కదా. అందుకని."

దుకాణంలో కూర్చుని ఆలోచించాను. చెప్పాల్సింది చెప్పాను, ఇంక నా పూచీ లేదనుకుందామంటే పాప నడుమే కళ్ళ ముందుకొచ్చేది. నేను మళ్ళీ వెళ్ళి చెప్పినా లాభం లేదు. ఆ ఇంట్లో చెల్లే నోరు ఒక్కటే ఉంది, అది యూసుఫ్‌ది. అది తలుచుకుంటే కూడా కుళ్ళు వచ్చింది. ఇంటికి కొన్న సొరకాయ సంచి సైకిల్ హ్యాండిల్‌కి అలాగే వేలాడుతుండగా ఫలక్‌నుమా వైపు తొక్కాను.

యూసుఫ్ నన్ను చూసి మెషిన్ ఆపేశాడు. "అరే చారీ భాయ్, నువ్వు నా దుకాణంల? ఖైరియతేనా, అంత మంచిదేనా?" అంటూ చాయ్ తెప్పించబోయాడు. ఆ మంచితనం ఒకటి, అది కూడా నాకు గిట్టేది కాదు.

"చాయ్ ఒద్దు. నీ తొట్లె మంచిగ లేదు. కింద సందు ఎక్కువున్నది."

అతను నవ్వాడు. "జల్తున్నవా భాయ్?" అన్నాడు, కుళ్ళుకుంటున్నావా అని.

"జల్తున్న. పదేండ్ల సంది జల్తున్న. నీ ఊచ జూస్తె నాకు నిద్ర పట్టది. గని ఇది గది గాదు. పిల్ల మస్తు చిన్నగున్నది."

అతను నవ్వు ఆపి కాలిపర్ తీశాడు. కాలిపర్ అంటే రెండు కాళ్ళు చాపి వెడల్పు కొలిచే సాధనం. గోడకి ఆనించి ఉన్న, అలాంటిదే ఇంకో తొట్లె ఊచల మధ్య పెట్టి చూపించాడు. "దేఖో, బరాబర్ ఉన్నది." కొలిచింది పొట్టల దగ్గర. ఎప్పుడూ అక్కడే కొలిచేవాడట.

నేను సంచిలోంచి సొరకాయ తీశాను. లేతది, ఒక కొస సన్నం, ఒక కొస లావు. సన్నని కొసను ఊచల నడుముల మధ్య పెట్టి తోశాను. జర్రున దూరిపోయింది. లావు కొస లోపలే చిక్కుకుని, మిగతాదంతా బయటికి వేలాడింది.

యూసుఫ్ వంగి దాన్ని వెనక్కి లాగి, మళ్ళీ తనే తోసి చూశాడు. నోట్లో పాన్ బయటికెళ్ళి ఉమ్మి వచ్చాడు. "పిల్లను ఎప్పుడు పండవెడ్తరు?"

"రేపు పొద్దుగాల."

"నడువు."

ఇద్దరం సైకిళ్ళ మీద వచ్చాం. నేను కిటికీ పక్కన గోడ చాటున ఆగాను, అతనొక్కడే లోపలికి వెళ్ళాడు. "అమ్మా, జెర పని మర్చిపోయిన, పొద్దుగాల్నే తెచ్చిస్త," అనడం నాకు వినిపించింది. సుభద్రమ్మ గారు మారు మాట లేకుండా పొత్రం తీసి తొట్లె ఇచ్చేశారు, పైగా గ్లాసు నిండా కాఫీ ఇచ్చారు. పొద్దున నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

తొట్లెను నా దుకాణానికే తెచ్చాం. కొత్త ఊచలు ఖరాదు పట్టే వ్యవధి లేదు. నేను ఆశపడి చిత్రిక పట్టి పెట్టుకున్న టేకు ఊచలు మూలన కట్టగా ఉన్నాయి. యూసుఫ్ ఒకటి తీసి వేలితో నిమిరాడు. "సీదా ఉన్నయ్," అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను ఎంత పొంగిపోయానో అతనికి తెలియనివ్వలేదు. పై పట్టీ విప్పి, అతని ప్రతి రెండు ఊచల మధ్యా నాది ఒకటి దిగగొట్టాం. దీపాలు పెట్టే వేళకి పనైపోయింది. సొరకాయతో మూడు వైపులా తోసి చూశాం, ఎక్కడా దూరలేదు. దాన్ని ఇంటికి తీసుకెళ్తే లక్ష్మి పులుసు పెట్టింది గాని, నాకు తినబుద్ధి కాలేదు.

మర్నాడు తొట్లె మోసుకుంటూ ఇద్దరం వెళ్ళాం. యూసుఫ్‌కి కుర్చీ వేశారు, కొత్త తువ్వాలు కప్పారు. సుభద్రమ్మ గారు గుర్తుపట్టకుండా నేను తలగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాను, మోతకూలీ అనుకున్నారు. సుభద్రమ్మ గారు ఊచలు చూసి, "బిడ్డ కోసం మళ్ళీ తీసుకెళ్ళి ఇన్ని కలిపి తెచ్చాడమ్మా, ఎంత జాగ్రత్త మనిషో," అని అందరికీ చెప్పారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మధ్యలో ఈ సాదావి లేకపోతే ఇంకా అందంగా ఉండేది," అన్నారు.

యూసుఫ్ ఏదో చెప్పబోయాడు. నేను అతని చెయ్యి గట్టిగా నొక్కాను. దిష్టి పెట్టినవాడి ఊచలని తెలిస్తే ఆవిడ అప్పటికప్పుడు పీకించేస్తారు. నా పళ్ళు నేను నూరుకుంటూ నిలబడ్డాను. ముందు పొత్రాన్ని పడుకోబెట్టి తీశారు. తర్వాత పాపను పడుకోబెట్టారు. ఆ పిల్ల కాలు తన్నింది, అరికాలు వచ్చి నా ఊచకి తగిలి ఆగింది. నేను చూశాను. యూసుఫ్ కూడా చూశాడు.

నెల తిరక్కుండానే యూసుఫ్ నుంచి కబురొచ్చింది. వెళ్తే కొత్త తొట్లె ఒకటి నడి దుకాణంలో పెట్టి ఉంది. ఊచల నడుములు ఈసారి అంత సన్నగా లేవు, అయినా కన్ను తిప్పుకోలేనంత బాగుంది. "చారీ భాయ్, ఇది బయిటికి పోకముందు నీ దిష్టి పడాలె. మంచిగ కుళ్ళుకుంట జూడు," అన్నాడు. చూశాను. కాలు దగ్గర ఒక పెచ్చు లేచి ఉంటే పట్టుకున్నాను. అప్పటి నుంచి అతను చేసిన ప్రతి తొట్లెకీ పిలిచాడు, నేను ప్రతిసారీ వెళ్ళాను. కుళ్ళు కోసం నేనేం కష్టపడాల్సిన పని లేకపోయింది. అతని పనే అలా ఉండేది.

తర్వాత చాలా ఏళ్ళకి మా అమ్మాయికి కూతురు పుట్టింది. నా చేతులతో పక్క తొట్లె చేశాను. బయటివాళ్ళ కన్ను పడితే మంచిదని యూసుఫ్‌ను పిలిచి, "తప్పులు పట్టు భాయ్," అన్నాను. అతను చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, "బహుత్ అచ్ఛా ఉన్నది," అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. ఇంకోసారీ అదే మాట. ఆ నవ్వు ముఖంలో నా మీద రవ్వంత కుళ్ళు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నా పని చూసి అతనికి కడుపు మండలేదని నాకు అప్పుడు అర్థమైంది. దాంతో నాకు మండింది.

అతను వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, తొట్లె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పసిపిల్లల పడకను ప్రేమగా చూస్తే సరిపోదనేది నా వృత్తి నేర్పిన ఒకే ఒక్క సంగతి. ఇది నేను చేసింది కాదు, యూసుఫ్ చేసింది, దీన్ని కొనడానికి ఊరంతా నా దుకాణం ముందు నుంచే నడిచి వెళ్తోంది అనుకుని చూశాను. తల వైపు రెండో ఊచ వదులుగా ఉంది.