సగం వింతల ఖలందర్

రెంటచింతల బస్టాండు పక్కన స్టవ్వులు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే ఖలందర్‌కి ప్రపంచంలో తెలియని వింత లేదు. తెలియనిదల్లా ఒక వింతను మొదలుపెట్టిన రోజునే పూర్తి చేయడం. ఇవాళ సగం చెప్తాడు, మిగతా సగం రేపు. అదేమంటే కాగితం చిరిగిపోయిందంటాడు.

కాగితమంటే బజ్జీల పొట్లం కాగితం. బస్టాండులో రెండు బజ్జీల బండ్లుండేవి. ఒక బండి మీద బజ్జీలు దివ్యంగా ఉంటాయి గానీ, వాటిని పాత పరీక్ష పేపర్లలో చుట్టిస్తారు. రెండో బండి నూనె రంగు చూస్తేనే కడుపులో తిప్పుతుంది గానీ, అక్కడ చుట్టేవి ఆదివారం పేపర్లు. ఖలందర్ పన్నెండు నెలలూ ఆ రెండో బండి దగ్గరే నిలబడేవాడు. ఆయన కడుపు అప్పుడప్పుడూ తిరగబడేది, జ్ఞానం మాత్రం రోజూ పెరిగేది. ఒకటో రెండో తిని, మిగతా బజ్జీలు ఎవరికైనా పెట్టేసి కాగితం జాగ్రత్తగా ఇంటికి తీసుకుపోయేవాడు. నూనె కాగితాన్ని ఆరబెట్టడానికి రెంటచింతల ఎండకంటే గొప్ప సాధనం ఏముంది? వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో మన ఊరి పేరు వినపడేది ఆ ఒక్క ఘనతకే కదా.

ఆయనకి దొరికిన వింతలన్నీ ముందుగా తగిలేది పక్క కొట్టు టైలర్ ఇన్నయ్యకి. ఇన్నయ్య తనని తాను గట్టి మనిషిగా లెక్కేసుకునేవాడు. ఆ లెక్క ఊళ్ళో ఇంకెవరూ వేయలేదు. ఖలందర్ ఏం చెప్పినా మిగతా సగం అడగకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకుని మిషను ముందు కూర్చునేవాడు. ఆ ఒట్టు ఏ రోజూ టీ వేళ దాకా నిలవలేదు.

"ఇన్నయ్యా, సముద్రంలో ఆక్టోపస్ అని ఒక జంతువుంది. దానికి గుండెకాయలు మూడంట" అన్నాడు ఖలందర్ ఒకరోజు, గడప మీద కూర్చుని స్టవ్వు బర్నరు ఊదుకుంటూ.

ఇన్నయ్య తలెత్తలేదు. మిషను ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

"అది ఈదేటప్పుడు ఆ మూడిట్లో ఒకటి ఏం చేసిద్దో తెలుసా?"

మిషను దానంతటదే ఆగిపోయింది. "ఏం చేసిద్దన్నా?" అన్నాడు ఇన్నయ్య.

"ఏమో మరి. అక్కడికి చిరిగిపోయింది కాగితం."

ఆ రాత్రి ఇన్నయ్య మంచమ్మీద దొర్లుతూ ఆ మూడో గుండెకాయ సంగతే ఆలోచించాడు. ఉన్న ఒక్క గుండెకాయతోనే సరిగా బతకలేని మనిషికి దాని మూడో గుండెకాయతో ఏం పనని భార్య శౌరమ్మ గోల పెట్టింది. మర్నాడు ఖలందర్ బండి దగ్గర చెత్తబుట్టంతా వెతికి రెండో ముక్క సాధించానని చెప్పాడు. ఈదేటప్పుడు ఆ గుండె ఆగిపోతుందట, అందుకే ఆ జంతువుకి ఈతకంటే పాకడమే ఇష్టమట. హమ్మయ్య అని ఇన్నయ్య ఊపిరి పీల్చుకునేలోపే, జాంజిబార్ అనే దేశానికీ ఇంగ్లీషువాళ్ళకీ జరిగిన యుద్ధం గంట కూడా పట్టకుండా ముగిసిపోయిందని ఖలందర్ మొదలుపెట్టాడు. మన వైపు పొలం గట్టు తగాదా మొదలైతే మనవల దాకా తెగదు, దేశాల యుద్ధం గంటలోపు తేలడమేమిటని ఇన్నయ్య నోరు తెరిచాడు. గెలిచిందెవరని అడిగితే, ఆ ముక్కలో వేరే ఎవరికో బజ్జీలు చుట్టిచ్చేశారని జవాబు. ఇంగ్లీషువాళ్ళే గెలిచారని తెలియడానికి మళ్ళీ తెల్లారాల్సి వచ్చింది.

చిరిగిపోయిన ముక్క ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే ఎట్లా దొరుకుతోందని ఇన్నయ్యకి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. తర్వాత్తర్వాత ఈ సంగతులన్నీ ఇన్నయ్యే పదిమందికీ చెప్పుకుని నవ్వుకునేవాడు. తన తెలివితేటల మీద అందరికీ ఒక అంచనా ఏర్పడటానికి ఆ ఒక్క ముక్క చాలనేవాడు.

ఎనభై ఒకటిలో సర్పంచి ఎన్నికలొచ్చాయి. పక్క ఊళ్ళో ధనుంజయరావు ఒక వైపు, సాంబశివరావు ఇంకో వైపు నిలబడ్డారు. ధనుంజయరావు కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. సాంబశివరావు కూర్చుంటే ఆయన కనపడడు. ఇద్దరికీ మాటల్లేక చాలా ఏళ్ళయింది. నామినేషన్‌కి కొత్త ఖద్దరు జుబ్బా వేసుకుని, ముహూర్తం చూసుకుని, మేళంతో ఊరేగింపుగా రెంటచింతల ఆఫీసుకి రావడం అక్కడి ఆనవాయితీ. ఇద్దరూ ఇన్నయ్యకే గుడ్డ ఇచ్చారు. తన కత్తెరకి పార్టీలు లేవని ఇన్నయ్య ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

జుబ్బాలు ఇస్త్రీ చేసి పొట్లాలు కట్టే వేళకి ఖలందర్ గడప మీదకి వచ్చాడు. సముద్ర గుర్రాల్లో పిల్లల్ని కనేది ఆడది కాదట, మగదట. ఎట్లా కంటుందన్న ముక్క చిరిగిపోయిందట. ఇన్నయ్య ఒక చేత్తో తన పొట్ట తడుముకుంటూ, రెండో చేత్తో పొట్లాల మీద పేర్లు రాశాడు. ఏ పొట్లం మీద ఏ పేరు రాశాడో ఆయనకి ఇప్పటికీ గుర్తు లేదు. రాసేటప్పుడు ఆయన మనసంతా పురిటి మంచమ్మీద ఉంది.

మర్నాడు ముహూర్తం ముంచుకొస్తుంటే ఇద్దరూ పొట్లాలు విప్పారు. మార్చుకునే టైము లేదు. ధనుంజయరావుని నలుగురు పట్టుకుని సాంబశివరావు జుబ్బాలోకి దించారు. ఆయన బస్టాండులో జనానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టగానే చంకల నుంచి నడుం దాకా కుట్లు పటపటమని విడిపోయాయి. అప్పుడే ఎదురుగా రెండో మేళం వచ్చింది. ధనుంజయరావు జుబ్బాలో సాంబశివరావు ఎక్కడున్నాడో ఆయన మనుషులే పోల్చుకోలేకపోయారు. వడగాలికి ఆ జుబ్బా ఉబ్బి ముందు నడుస్తుంటే, ఆయన దాని వెనక పరిగెత్తాడు. రెండు మేళాలవాళ్ళూ వాయించడం మానేసి నవ్వారు. బస్సుల్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నవ్వారు.

నవ్వు అయ్యాక గుసగుసలు మొదలయ్యాయి. టైలర్ రెండో పార్టీకి అమ్ముడుపోయాడని ఈ పార్టీ అంది, ఈ పార్టీకి అమ్ముడుపోయాడని రెండో పార్టీ అంది. ఒకే మనిషి ఒకేసారి రెండు వైపులా అమ్ముడుపోవడం రెంటచింతలలో అదే మొదలు. ఇన్నయ్య చెమటలు కక్కుతూ కొట్టు తలుపు మూయబోతుంటే ఖలందర్ ఎదురొచ్చాడు.

"నీ సగం మాటలే నా కొంప ముంచినయి. ఇంక నా గడప తొక్కబాక" అన్నాడు ఇన్నయ్య.

ఖలందర్ గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇన్నయ్య కొట్టుకు తాళం వేసి, వెనక ఇంట్లో చేరి తలుపు బిగించాడు. ఇక ఈ ఊళ్ళో తన మిషను తిరగదని తేల్చుకున్నాడు. విజయపురి సౌత్‌లో డ్యాము క్వార్టర్స్‌లో ఉండే బావమరిదికి కబురు పెట్టాడు. అక్కడ ఎవరి కొట్లోనైనా కూలికి కాజాలు కుట్టుకున్నా సరే, ఈ మొహం మాత్రం ఇక్కడ చూపించనన్నాడు. ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న కొట్టు వదిలేసి కూలికి పోవడమేమిటని శౌరమ్మ ఏడ్చింది. ఎవరో వచ్చి చేతికర్రతో తలుపు తట్టారు. ఇన్నయ్య కిటికీ సందులోంచి ధనుంజయరావు పొట్ట చూసి, మంచం కిందకి దూరాడు. ఆ మనిషి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఇన్నయ్య కూడా మళ్ళీ మళ్ళీ మంచం కిందకి పోయాడు. ఆ అలవాటు ఎంత బాగా కుదిరిందంటే, చివరికి పాలమనిషి తట్టినా ఆయన మంచం కిందే ఉండేవాడు.

ఖలందర్ మాట మీరే మనిషి కాదు. గడప తొక్కలేదు. తను బాగుచేసిన గొడుగేసుకుని, మిట్టమధ్యాహ్నం వీధిలోనే నిలబడి, మూసిన తలుపుకి వింతలు చెప్పాడు. మొసలి నాలుక బయటికి చాపలేదన్నాడు. సీతాకోకచిలుక రుచి చూసేది కాళ్ళతోనన్నాడు. ఎందుకని అనేదాకా వచ్చి, కాగితం చిరిగిందంటూ పోయేవాడు. లోపల ఇన్నయ్య పళ్ళు నూరుకుని, చెవుల్లో దూది పెట్టుకున్నాడు. టైలర్ ఇంట్లో దూదికి కరువేముంటుంది గానీ, ఆ దూదిని మిగతా ముక్క వినపడేంత పల్చగా పెట్టుకున్నాడని శౌరమ్మ కనిపెట్టింది.

తెల్లారితే బస్సు. పెట్టె సర్దేశారు, మిషను తల ఊడదీసి గోనెపట్టా చుట్టారు. ఆ మధ్యాహ్నం కూడా ఖలందర్ వచ్చాడు.

"ఇన్నయ్యా, ఎప్పుడో నాలుగైదొందల ఏళ్ళ కింద పరాయి దేశంలో ఒక ఊళ్ళో ఒకావిడ వీధిలోకొచ్చి డాన్సు మొదలెట్టింది. ఎందుకో ఎవరికీ తెలవదు. ఎంతమంది చెప్పినా ఆపలా. ఇంకొకరు కలిశారు, ఇంకొకరు కలిశారు, నెల తిరిగేటప్పటికి వందలమంది. కాళ్ళు బొబ్బలెక్కినా ఆడతానే ఉన్నారంట. అప్పుడు ఆ ఊరి పెద్దలు కూచుని, బాగా ఆలోచించి, ఏం చేశారో తెలుసా?"

తలుపు వెనక ఇన్నయ్య చెవిలో దూది చేతిలోకొచ్చింది.

"చిరిగిపోయింది కాగితం" అని గొడుగు సర్దుకుని ఖలందర్ వెళ్ళిపోయాడు.

ఇన్నయ్య గదిలో పచార్లు చేశాడు. కట్టేసి ఉంటారనుకున్నాడు. నీళ్ళు గుమ్మరించి ఉంటారనుకున్నాడు. వందలమందిని ఎంతమంది పట్టుకుని కడతారు? రేపు విజయపురిలో ఇది చెప్పేవాడెవడు? సాయంత్రం దాకా నిగ్రహించుకుని, ఇక వల్ల కాక, అన్ని రోజుల తర్వాత తలుపు తీసుకుని ఖలందర్ కొట్టుకి నడిచాడు.

ఖలందర్ నమాజుకి పోయాడట. కొట్లో ఆయన భార్య కుల్సుం కూర్చుని, అరుగు మీద ఎండబెట్టిన కాగితాలు ఏరుతోంది. అన్నీ బజ్జీల కాగితాలు. ఒక్కటీ చిరిగి లేదు.

"చిరగలేదేంది వదినా?" అన్నాడు ఇన్నయ్య.

"చిరగటమేంది? జాగర్తగా ఆరబెట్టేది నేనేగా. మొత్తం నాకు చదివి వినిపిచ్చిందాకా అన్నం తినడు ఆయన."

"మరి మాకు సగమే చెప్తాడే?"

"అందరికీ కాదులే. సోడాకొట్టు నాగేశ్వరరావుకి మొత్తం చెప్తాడు. నవ్వుకుంటా తిరిగే వాళ్ళందరికీ మొత్తం చెప్తాడు. దిగులుతో కూచునే వాళ్ళకే సగం. వాళ్ళకి రేపటికంటూ ఒకటి మిగలాలంట. మా వీధి అబ్దుల్ గఫార్ భార్య పోయినాక ఆయనకి గూడా సగమే చెప్పాడు, సంవత్సరం దాకా."

ఇన్నయ్యకి కాస్త పౌరుషం వచ్చింది. తన సంగతి వేరని, తను ఎప్పుడూ దిగులుగా కూర్చుని ఎరగనని అన్నాడు.

కుల్సుం కాగితాలు పక్కన పెట్టింది. "ముప్పాళ్ళ నించి కొత్తగా వచ్చినప్పుడు నీకు చొక్కా ఇచ్చినవాడు లేడు. మిషను అమ్మేసి పోతానని మా గడప మీద కూచుని ఏడ్చావు. ఆ రోజు నిజంగానే కాగితం చిరిగింది. మిగతాది ఏందా అని నువ్వు తెల్లారకముందే వచ్చి కూచున్నావు. అప్పుడు కనిపెట్టాడు ఈ మందు. అందరికంటే ముందు వాడింది నీకే. ఇంకా వాడతానే ఉన్నాడు."

ఇన్నాళ్ళూ ఖలందర్ తనతో సరిసమానంగా లోకజ్ఞానం పంచుకుంటున్నాడని ఇన్నయ్య అనుకున్నాడు. తీరా చూస్తే తను ఆయన తొలి రోగి, ఇంతవరకూ నయం కాని రోగి. ఇన్నయ్యకి సిగ్గేసింది. ఆ వెనకే, నడినెత్తిన ఎండలో గొడుగేసుకుని మూసిన తలుపుతో మాట్లాడిన మనిషి గుర్తొచ్చాడు. అన్నని అంత మాట అన్నందుకు తన నోరు పడిపోవాలని కుల్సుంతో చెప్పాడు. అందుకు ఖలందర్ ఏమీ బాధపడలేదని, గడపే తొక్కొద్దన్నాడు గానీ వీధి తొక్కొద్దనలేదుగా అన్నాడని కుల్సుం చెప్పింది.

అంతటితో ఆగకుండా లోపల్నించి ఒక ఖద్దరు గుడ్డ తెచ్చి ఇన్నయ్య చేతిలో పెట్టింది. ఆ రోజు నామినేషన్ అయ్యాక జుబ్బాలు మార్చుకోవడానికి ధనుంజయరావు, సాంబశివరావు ఒక గదిలోకి పోక తప్పలేదట. ఒకరినొకరు చూసుకుని ముందు ఎవరు నవ్వారో గానీ, బయటికి వచ్చేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటూ వచ్చారట. ధనుంజయరావు తన ఒంటి మీద చినిగిన జుబ్బాకి బదులు సాంబశివరావుకి కొత్తది కుట్టించాలని గుడ్డ తెచ్చి, ఎన్నిసార్లు తలుపు తట్టినా ఇన్నయ్య తీయకపోతే, విసిగి ఇక్కడ ఇచ్చిపోయాడట. ఇన్నయ్య తను మంచం కింద గడిపిన కాలమంతా తలుచుకుని, ఆ సంగతి మాత్రం కుల్సుంకి చెప్పలేదు.

"అన్నట్టు, ఆ డాన్సు కాగితం ఇక్కడే ఉంది. ఊరి పెద్దలు ఏం చేశారో చెప్పమంటావా?" అంది కుల్సుం, చేతిలోని కాగితం విప్పుతూ.

ఇన్నయ్య మెడ దానంతటదే ముందుకు సాగింది. కళ్ళు అప్పటికే మొదటి అక్షరం దాకా పోయాయి. బలవంతాన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"వద్దు వదినా. రేపు అన్నే చెప్తాడులే. ఈ మందు సంగతి నాకు తెలిసిందని ఆయనకి చెప్పబాక" అని, గుడ్డ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

శౌరమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "ఇంతకీ ఏం చేశారంట ఆ పెద్దలు?" అంది.

"రేపు చెప్తాడంట."

శౌరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, వెళ్ళి మిషనుకి చుట్టిన గోనెపట్టా విప్పడం మొదలుపెట్టింది. "అయితే రేపు బస్సెట్టా ఎక్కుతాం?" అంది.